రసీదు లేని చదువు

తిరువూరులో ఎండలు ముదిరాయంటే రెంటికి గ్రేడింగు మొదలవుతుంది: మామిడికాయలకీ, మూడేళ్ళ పిల్లలకీ. కాయలు లారీలెక్కి నున్న మార్కెట్‌కి పోతాయి. పిల్లలు అమ్మానాన్నల బండెక్కి ఎల్‌కేజీ ఇంటర్వ్యూకి పోతారు.

మా పక్కింటి బుడ్డోడూ వెళ్ళాడు. మేడం గోడమీది చార్టులో ‘ద’ మీద స్కేలు పెట్టి, “ఇదేంటి నాన్నా?” అంది. వాడు ‘క’ మీద వేలు పెట్టి, పాట పాడుకుంటూ, ఒక్కో గడీ జరుపుకుంటూ మూడు వరసలు దాటొచ్చి “ద” అన్నాడు. వాళ్ళ నాన్న చొక్కా సర్దుకున్నాడు. మేడం అదే అక్షరాన్ని విడి అట్టముక్క మీద చూపించింది. వాడు అట్టని తిప్పి వెనకవైపు చూశాడు.

వాడికొచ్చింది పాటే, అక్షరం కాదు. సీటు రాలేదు. అక్షరాలొస్తేనే సీటట. తీరా సీటిచ్చి ఏడాదంతా నేర్పేది ఆ అక్షరాలే!

సీటివ్వడానికి పిల్లల్నీ పెద్దల్నీ వడపోయకూడదనీ, పోస్తే మొదటిసారి 25 వేల దాకా జరిమానా అనీ 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. అయితే ఆ హక్కు 6 నుంచి 14 ఏళ్ళవాళ్ళది. మనవాడికి హక్కొచ్చేందుకు ఇంకా మూడేళ్ళుంది. పరీక్షకి మాత్రం వయసొచ్చేసింది.

ఈ ఈడువాళ్ళకి ఆటపాటలతోనే నేర్పమంది 2020 జాతీయ విద్యావిధానం. అంగన్‌వాడీలో జరిగేది అదే. పైగా గుడ్డు కూడా పెడతారు. “అక్కడేం చెబుతారండీ, ఊరికే ఆడిస్తారు” అని పెదవి విరుస్తాం. పైసా పుచ్చుకోని చోట చదువుంటుందంటే మనం నమ్మం.

అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి దిద్దిస్తాం. వంపు వేలికి తెలిస్తే కంటికీ తెలుస్తుందని పెద్దలకి ఎరుకే. మనం ఫొటో దిగి, పళ్ళెం ఎత్తేసి, మర్నాటి నుంచి పెన్సిలిచ్చి పేజీలు నింపిస్తాం. ఒకప్పుడు వీధిబడుల్లో ఇసుకే పలక. మద్రాసులో పిల్లలు అలా ఇసుకలో రాయడం చూసి ముచ్చటపడ్డ ఆండ్రూ బెల్ దొర, 1797లో లండన్‌లో పుస్తకం వేసి, ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండు బళ్ళకి ఎక్కించాడు. మన దగ్గర వాగులో పడున్నన్నాళ్ళూ అది ఇసుకే. ఇప్పుడు ‘సెన్సరీ ట్రే’ అయి ఫీజు కాగితంలోకెక్కింది, ఇక అది చదువే.

కాబట్టి ప్రభుత్వానికో మనవి. అంగన్‌వాడీల్లో చదువేమీ మార్చొద్దు. ఆ ఆటలే, ఆ గుడ్డే. పిల్లలకో టై కట్టి, గేటు దగ్గరో వాచ్‌మన్‌ని నిలబెట్టి, “సీట్లు లేవు” అని బోర్డు పెట్టండి. టర్ముకింతని ఫీజు పుచ్చుకుని రసీదివ్వండి. ఎమ్మెల్యేగారి సిఫార్సు ఉత్తరాలతో జనం తెల్లారకముందే క్యూ కట్టకపోతే అడగండి.

ఇసుక మాత్రం లండన్ నుంచే తెప్పించాలి. మన కట్లేరు వాగు ఇసుకంటే తల్లిదండ్రులు ఒప్పుకోరు.