మూడో మూల ఎక్కడికి పోయింది?

సరళరేఖకు వెక్టర్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, స్కేలు చాలు. వంకర గీతకు స్కేలు కూడా అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ గొప్పతనం ఏదైనా ఉంటే అది డాష్ లైను దగ్గర తేలాలి. అది తేలిపోయేదీ అక్కడే. దానికి కొలత తెలుసు, ముందుచూపు లేదు. మొదటి బిందువు దగ్గర బయల్దేరి డాషు, ఖాళీ, డాషు, ఖాళీ అంటూ చెప్పింది చెప్పినట్టు వేసుకుంటూ పోతుంది. ఎదర మూల వస్తోందని గానీ, గీత అయిపోతోందని గానీ చూడదు. బంతిలో ఎన్ని విస్తళ్లున్నాయో చూడకుండా రెండేసి బూరెలు వడ్డించుకుంటూ పోయే మనిషిలాగే, చివరి విస్తట్లో అర బూరె పడితే అందులో దానికి తప్పేమీ కనిపించదు.

నమ్మకపోతే శుభలేఖకు అంచు వేసి చూడండి. పెట్టె 100 మి.మీ. పొడవు, 70 ఎత్తు. డాష్ 5, ఖాళీ 3. ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫార్మాట్ పద్ధతిలో గీత పై ఎడమ మూలలో మొదలై కుడికి నడుస్తుంది. పై కుడి మూలలో ఒక డాష్ 4 ఇటు, 1 అటు విరుగుతుంది. కింది కుడి మూలలో 2, 3. కింది ఎడమ మూల నేరుగా ఖాళీలో పడుతుంది కనక అసలు మూలే ఉండదు. బయల్దేరిన చోటికి తిరిగొచ్చేసరికి మిగిలిన 4 మి.మీ. ముక్క మొదటి డాష్‌కు అతుక్కుని 9 మి.మీ. పొడుగున తేలుతుంది. ఒక్క పెట్టెకు నాలుగు మూలలు, నాలుగు స్వభావాలు. లెక్కలో మాత్రం వీసమెత్తు తప్పు లేదు. డాష్ 6, ఖాళీ 4 చేసి, మొదటి డాష్ నడిమి నుంచి మొదలుపెట్టమంటే మూలలన్నీ సమానంగా వంగుతాయి. ఆ లెక్క వేసింది మనిషి, సాఫ్ట్‌వేర్‌ది కూలిపని.

పెట్టె గనక కూడికలతో గట్టెక్కాం. అంచులో లతలూ మెలికలూ పెట్టగానే కూడికలు చేతులెత్తేస్తాయి. ఈ వంపులకు మూలం ఫ్రాన్సు కార్ల కంపెనీలు: 1959లో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, తర్వాత రెనోలో పియెర్ బెజియే. సిట్రోయెన్ గుట్టుగా దాచుకుంది, పేరు బెజియేకు దక్కింది. కారు బాడీకి డాష్ లైను అవసరం రాలేదు కాబోలు, మనం రోజూ వాడే బెజియే వంపు పొడవు తేల్చడానికి సాధారణ సూత్రమే లేదు. సాఫ్ట్‌వేర్ దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి కూడుకుంటుంది. లత మొదట్లో వంపును మార్చే హ్యాండిల్‌ను వెంట్రుకవాసి లాగితే, అక్కణ్ణుంచి డాషులన్నీ చోటు మారతాయి. గుండ్రటి కొసలు కోరితే ఇంకో చిక్కు: 3 మి.మీ. మందం గీతకు 3 మి.మీ. ఖాళీ ఇస్తే, కొసలు అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర పెరిగి ఖాళీని పూడ్చేస్తాయి. డాష్ పొడవు సున్నా ఇవ్వండి, నిక్షేపంలాంటి చుక్క పడుతుంది!

ఇదంతా ఎవరు చూస్తారండీ, శుభలేఖలో జనం చూసేది భోజనాల వేళే కదా అనొచ్చు. నిజమే, అంచు బాగుంటే ఎవరూ చూడరు. మూల లేకపోతే మాత్రం పెళ్లికూతురి మేనమామ చూస్తాడు, అదీ కార్డులన్నీ అచ్చయ్యాక.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది: డాషులను మూలలకు సర్దే బటన్ ఇలస్ట్రేటర్ అనే వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది కదా? ఉంది. 1987లో పుట్టిన సాఫ్ట్‌వేర్‌కు అది 2010లో, సీఎస్5 వెర్షన్‌తో వచ్చింది. మూల ఎక్కడుందో కనుక్కోవడానికి 23 ఏళ్లన్నమాట. అదైనా ఎలా సర్దుతుంది? మనం 5 అని టైపు చేసిన డాష్‌ను అవసరాన్ని బట్టి కాస్త సాగదీసో, కాస్త కుదించో. కచ్చితత్వం కోరేవారు దీన్ని మోసమంటారు. నన్నడిగితే, అలంకారం అంటే ఏమిటో తెలిసినట్టు ప్రవర్తించే బటన్ అదొక్కటే. గడిలో మాత్రం ఇంకా 5 అనే చూపిస్తుంది.