కొండమీది బాలింతకు కిందినుంచి చిట్కాలు

రాజవొమ్మంగి మండలానికి ఆరోగ్యం పంచడానికి బయల్దేరిన పెద్దలారా! రంపచోడవరం ఏజెన్సీలో పసికందుల మరణాల మీద, బి1 విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు అనుమానం వచ్చిన సంగతి పట్టించుకోకండి. ఈ చిట్కాలు పాటిస్తే చాలు.

1. బియ్యం తెల్లగా మెరవాలి. తౌడుతోపాటు బి1 విటమిన్ పోతుందని కొందరు చాదస్తం పోతారు. జావాలో తెల్లబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం గమనించిన ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ ఇచ్చారు నిజమే. కోళ్ల గొడవ మనకెందుకు?

2. బాలింతకు పథ్యం బిగించండి. బియ్యం నాలుగుసార్లు కడిగి, గంజి వార్చేసి, అన్నంలోకి వెల్లుల్లి కారం పెట్టించండి. పప్పు, ఆకుకూర, గుడ్డు నెలల తరబడి గుమ్మం దాటి రాకూడదు. తల్లిపాలలో బి1 లేక రెండుమూడు నెలల బిడ్డ ఆయాసపడితే దిష్టి తీయించండి. థయమిన్ (బి1) సూది వేస్తే అలాంటి బిడ్డ గంటల్లోనే తేరుకోవచ్చు. కాబట్టి ఆ సూదిని ఊరికి వీలైనంత దూరంలో ఉంచండి.

3. కొండమీద పండిన చోళ్లు, సామలు పట్నం సూపర్‌మార్కెట్‌కు పంపండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది కదా, పండించిన అమ్మకు ఆ పోస్టరు ఇవ్వండి.

4. గర్భిణికి 180 ఐరన్ మాత్రలు లెక్కపెట్టి ఇచ్చి సంతకం తీసుకోండి. మింగిందా అని అడగొద్దు. వికారంగా ఉందంటే టీతో వేసుకోమనండి, ఉన్న ఇనుము కూడా ఒంటికి పట్టదు.

5. 108 బండి తారురోడ్డు చివరే ఆగాలి. ఆపైన డోలీ ఉండనే ఉంది. కాన్పుకు ముందే ఆస్పత్రి దగ్గరకొచ్చి ఉండమంటే, "ఇంటికాడ పిల్లల్ని ఎవరు చూస్తారు బాబూ?" అని ఆమె అడుగుతుంది. జవాబు చెప్పకుండా "అవగాహన లోపం" అని రాసుకోండి.

6. చివరగా, 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దండు దాడి చేసిన రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ దగ్గర ఫొటో దిగండి. 2022లో ఆయన పేరిట జిల్లా వచ్చింది. బాలింతలకు ఇంకేం కావాలి?

పాఠకులకు ఒక్క మాట. మీ ఇంట బాలింత ఉంటే పై చిట్కాలన్నీ తిరగేసి చదవండి. గంజి పారబోయకండి. పప్పు, గుడ్డు, ఆకుకూర, చోడి అంబలి పెట్టండి. బిడ్డ పాలు తాగక ఆయాసపడుతుంటే దిష్టి తీస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆస్పత్రికి దారి లేని ఊళ్లలో తప్పు తల్లిది కాదు, దారి వేయని వాళ్లది.