కొండపల్లి బొమ్మ పడిందా?

కొండపల్లి నుంచి రెండు రకాల బొమ్మలు వచ్చేవి. ఒకటి తెల్లపొణికి కర్రతో చేసింది. కొనుక్కొచ్చి అల్మారాలో పెడితే కదలకుండా కూర్చునేది. రెండోది దూరదర్శన్ టవర్ పంపింది. ఇంటికి తనే వచ్చేది, వచ్చాక ఓ పట్టాన కుదురుగా నిలిచేది కాదు.

తప్పు ఎవరిదీ కాదు. టీవీ తరంగం ముక్కుసూటి మనిషి. కొండ అడ్డొస్తే పక్కనుంచి పోదామన్న లౌక్యం తెలియదు. రేడియో అలా కాదు. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని పాకుతూ పొలం గట్టు మీది ట్రాన్సిస్టర్ దాకా వచ్చేది. చీకటి పడితే ఆకాశానికి తగిలి తిరిగొచ్చి, పిలవని ఊళ్లకు కూడా పేరంటానికి వెళ్లేది.

కవరేజీ లెక్కకు ఈ తేడాలు పట్టవు. టవర్ దగ్గర కంపాసు ముల్లు గుచ్చి గుండ్రంగా గీత గీస్తే, లోపలున్న వాళ్లంతా ప్రేక్షకులే. టీవీ లేనివాడూ ప్రేక్షకుడే, కరెంటు లేనివాడూ ప్రేక్షకుడే. తెర మీద చీమల పుట్టను చూస్తూ కూర్చున్నవాడు మరీ శ్రద్ధగల ప్రేక్షకుడు.

ఆ గీతను నిజం చేసే బాధ్యత మిద్దె మీది కుర్రాడిది. వాడి చేతిలోని యాంటెనా పేరు యాగీ. జపాను ప్రొఫెసరుగారి ఇంటిపేరని పుస్తకాలంటాయి గానీ, శుక్రవారం చిత్రలహరి పాటల వేళ మన మిద్దెల మీద జరిగిందాన్ని చూసే పెట్టారని నా అనుమానం.

"పడిందా?"

"పడలా... ఇంకొంచెం... ఆఁ, ఆఁ! కదపకురా!"

చెయ్యి తీస్తే బొమ్మ పోయేది. అందుకని పాటలన్నీ అయ్యేదాకా వాడు గొట్టం పట్టుకుని నిలబడేవాడు. ఇంటిల్లిపాదికీ బొమ్మ చూపించి, తాను మాత్రం చుక్కలు చూసేవాడు. కిలోవాట్లు లెక్కగట్టిన ఏ నివేదికలోనూ ఈ రెండుకాళ్ల రిలే కేంద్రం ఊసు లేదు.

2022 మార్చి నాటికి దేశంలో పాత అనలాగ్ టీవీ ప్రసారాలను దాదాపు అంతటా ఆపేశారు. ఎవరూ మిద్దెక్కలేదు, ఎవరూ యాగీ చెయ్యలేదు. బొమ్మ పోయిందని తెలియాలంటే ముందు చూస్తూ ఉండాలి కదా!

ఆ కుర్రాడికి ఇప్పుడు యాభై దాటాయి. ఇప్పటికీ మిద్దె మీదే ఉన్నాడు, సెల్‌ఫోన్ పైకెత్తి "వినపడుతోందా?" అంటూ. పక్కనే తుప్పు పట్టిన గొట్టానికి చిక్కుడు తీగ అల్లుకుంది. కొస నుంచి మొదలు దాకా, ఎక్కడా ఖాళీ లేదు. పూర్తి కవరేజీ అంటే అదీ.