హిరణ్యకశిపుడికి టెండర్ రాయడం రాలేదు

ఎగువ అహోబిలంలో నిలబడి నరసింహుడు చీల్చుకొచ్చాడనే ఉక్కుస్తంభం కేసి తలెత్తినప్పుడల్లా నాకు హిరణ్యకశిపుడి మీద జాలే. అంత తపస్సు చేసి, వరం రాయించుకోవడం మాత్రం చేతకాలేదు. ఇంట్లో వద్దు, బయట వద్దు, పగలు వద్దు, రాత్రి వద్దు అన్నాడు. సందెవేళనీ గడపనీ మరిచిపోయాడు. రైల్వే టెండర్లు రాసే గుమస్తా ఒక్కడు పక్కనుంటే కథ వేరేగా ఉండేది.

ఆ గుమస్తా పనితనం చూడాలంటే రైలు పెట్టెల్ని చూసుకునే ఏ కోచింగ్ డిపోకైనా పోండి. పిట్ లైన్ మీద రేక్ ఆగగానే పెట్టెలు కడిగేది, దొడ్లు తోమేది కాంట్రాక్టు మనుషులు. రైలు రైల్వేది, నీళ్లు రైల్వేవి, మరక కనబడితే తిట్టే సారూ రైల్వే మనిషే. కడిగేవాడు ఒక్కడే రైల్వేవాడు కాడు.

అలాంటి ఒక డిపోలో కాంట్రాక్టు గడువు ముగిసింది. ఆళ్ళగడ్డ వైపు నుంచి పోయి అక్కడ పనిచేస్తున్న ఒకాయన గేటు దగ్గర అడిగాడు: "నన్ను తీసేసింది ఎవురు సార్?"

పెట్టుకున్నదే మేం కాదు, తీసేదెట్లా అంది రైల్వే. నేను తీయలేదబ్బా, నా కాంట్రాక్టే అయిపోయింది అన్నాడు పాత కాంట్రాక్టరు. నువ్వెవరో నాకు తెలీదే అన్నాడు కొత్తాయన. నరసింహుడి గోళ్లయినా కంటికి కనబడ్డాయి.

చట్టం లేకేం, 1970లోనే వచ్చింది. పేరులోనే కాంట్రాక్టు కార్మికుల 'నియంత్రణ, రద్దు'. ఆ పద్ధతిని నిషేధించినా మనుషులు వాళ్లంతట వాళ్లే పర్మనెంట్ అయిపోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన కొత్త కోడ్, సంస్థ ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కూడదంటూనే పారిశుధ్యాన్ని మామూలుగా ఆ లెక్కలోంచి తప్పించింది. రైలు నడపడం ముఖ్యం, కంపు లేకుండా నడపడం కాదన్నమాట. (బోగీలో ముక్కు మూసుకుని ఫిర్యాదు పెట్టే మనకు మాత్రం ఆ క్షణాన అంతకు మించిన ముఖ్యం ఇంకేదీ ఉండదు.)

గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు ఉండాలనేది 1972 నాటి పాత చట్టం. ముగ్గురు కాంట్రాక్టర్ల కింద ఆరేళ్లు కడిగిన మనిషికి ఏ ఒక్కరి దగ్గరా ఐదేళ్లు లేవు.

మా అహోబిలం స్వామి నయం. కనుమనాడు పారువేటకు బయల్దేరి నలభై రోజులకు పైగా ఊరూరా తిరిగి, తన పెళ్లికి తానే పిలుస్తాడు. ఈ కడిగేవాళ్లకు పని పోయిన కబురు వాట్సాప్‌లో వచ్చింది.

తర్వాత కొత్త కాంట్రాక్టరు మనిషి ఫోన్ చేశాడు. అందరికీ కాదు, కొందరికే. "అదే పిట్ లైన్, అదే పని. కొత్తగా చేరినట్టే లెక్క. గేట్ పాస్‌కు ఫోటో తెచ్చుకో. పాత కంపెనీ చొక్కా తొడుక్కుని దిగింది మాత్రం తేవాకు."