పైన పటారం, కింద తుషారం

ఆగ్నేయ మిషిగన్‌లో వసంతం వచ్చిందని చెప్పేది కోయిల కాదు, తలుపు పిడికి వేలాడే కరపత్రం. ‘మీ డ్రైవ్‌వే మీ ఇంటికి ముఖం’ అని ఉంటుంది దాని మీద. కాదని ఎలా అంటాం? మంచు కరిగాక బయటికొచ్చి చూస్తే ఆ ముఖానికి నిలువునా పగుళ్లు, బుగ్గల మీద పెచ్చులు, గ్యారేజీ గడప దగ్గర పైకి లేచిన పెదవి. వెంటనే నోవై, కాంటన్, ట్రాయ్ వాట్సాప్ గ్రూపులు మేలుకుంటాయి. “మంచి కాంట్రాక్టర్ ఉంటే చెప్పండి అన్నా.”

చెప్పేవాళ్లకు కొదవా? రేటు చెబుతారు, రంగు చెబుతారు, రాతి పలకల్లా అచ్చు గుద్దే స్టాంప్డ్ డిజైన్ల ఫొటోలు పంపుతారు. టెస్లా పక్కన నిలబడి దిగిన గృహప్రవేశం ఫొటో కూడా పంపుతారు, అడక్కపోయినా. ఈ సందడిలో ఓ అమాయకుడు నోరు జారతాడు. “అన్నా, కింద కంకర ఎంత వేయించారు?”

“కంకరేంటి తమ్ముడూ, ఫినిషింగ్ చూడు!”

చూద్దాం. చూడ్డానికి ఏడాదిలో ఎన్ని నెలలు దొరుకుతుందో కూడా చూద్దాం. సంక్రాంతి ముగ్గు వేద్దామంటే అప్పటికది మంచు కింద ఉంటుంది. ముగ్గేమో గ్యారేజీలో, లాన్‌మోవర్‌కీ పాత సోఫాకీ మధ్య పడుతుంది. శీతాకాలమంతా ఎవరికీ కనపడని ముఖానికి మేకప్ ఖర్చు మాత్రం వేలల్లో, అదీ డాలర్లలో.

ఈ రాష్ట్రంలో చాలాచోట్ల ఇంటి పునాదిని 42 అంగుళాల లోతుకు దించాలని నిబంధన. చలికి నేల అంత లోతున గడ్డకట్టవచ్చు కాబట్టి. ఆ ఇంటినే ఆనుకుని ఉండే డ్రైవ్‌వే మాత్రం 4 అంగుళాల పలక. దానికి పునాది ఏదీ? దేవుడి దయ. జనవరిలో నేల ఉబ్బుతుంది. ఇల్లు కదలదు, పలక లేస్తుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి పునాది గోతిలో టేపు పెట్టి కొలుస్తాడు గానీ, డ్రైవ్‌వే కింద ఏముందో కొలవమని ఆయన్ని అడిగిన ఇంటాయన ఇంకా పుట్టలేదు.

నీళ్లు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతాయి, అందుకే నేల లేస్తుందని స్కూల్లో చదివాం. అది సగం కథే. 1929, 1930 ప్రాంతాల్లో స్టీఫెన్ టేబర్ అనే భూగర్భ శాస్త్రవేత్త మట్టిని నీటికి బదులు బెంజీన్‌తో తడిపి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే ఉబ్బదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి పైకే లేచింది! అంటే ఉన్న నీళ్లు ఉబ్బడం ఒక్కటే కారణం కాదు. గడ్డకడుతున్న పొర కిందనుంచి కొత్త నీళ్లను పైకి లాక్కుంటుంది. సన్నటి మట్టి సందుల్లోంచి ఎగబాకిన ఆ నీళ్లు పొరలు పొరలుగా మంచు బిళ్లలై పేరుకుంటాయి. పైనున్నది కాంక్రీటైనా, కారైనా, ఇంటాయన పరువైనా ఒకటే, లేపి పారేస్తాయి. వసంతంలో అవి పైనుంచి కరగడం మొదలుపెడతాయి. కింద ఇంకా గడ్డే కాబట్టి ఆ నీళ్లకు దారుండదు, మట్టి బురదవుతుంది. సరిగ్గా అప్పుడే చెత్త లారీ వచ్చి డ్రైవ్‌వే మీద రివర్స్ తీసుకుంటుంది.

దీనికి మందు తెలిసి దాదాపు వందేళ్లయింది. సన్నమట్టి తవ్వి తీసేయాలి. పెద్ద సందులున్న కంకర పోయాలి, పొరపొరకీ దిమ్మిస వేయాలి. నీళ్లు ఇంటివైపు కాకుండా వీధివైపు పోయేలా వాలు పెట్టాలి. ఇంటికప్పు నీళ్లు దించే గొట్టం మూతి డ్రైవ్‌వే మీదికి తెరుచుకోకుండా చూడాలి. అంతే. కానీ ఈ మందుకో పెద్ద జబ్బుంది. ఫొటోలో పడదు.

అందుకే కాంట్రాక్టు కాగితంలో కంకరది ఒక్క ముక్క: ‘ఉన్న బేస్ ఉన్నట్టే.’ నాలుగు చలికాలాలు మింగి నమిలిన అదే బురద మీద కొత్త నల్లటి దుప్పటి కప్పుతారన్నమాట. తారు అయితే ‘3 అంగుళాలు’ అని రాస్తారు. అది రోలర్ ఎక్కకముందు లెక్కా, ఎక్కాక లెక్కా? ముందు పరిచిన 3 అంగుళాలు రోలర్ కింద నలిగేసరికి రెండుంబావు అవుతాయి. పోయిన ముప్పావు అంగుళం ఎక్కడికి పోయిందని అడిగితే “సెటిల్ అయింది సర్” అంటాడు. నిజమే, అతని లెక్కలోనే సెటిలైంది.

అతనికంటే ఘనుడు ఇంకొకడున్నాడు. ‘పక్క వీధిలో పనిచేస్తున్నాం, తారు మిగిలిపోయింది, సగం ధరకే వేసేస్తాం, ఇప్పుడే చెప్పాలి’ అంటూ వేడి ఆవిర్లు కక్కే లారీతో వస్తాడు. వినియోగదారుల రక్షణ శాఖలు ఈ మోసం గురించి ఎన్నిసార్లు హెచ్చరించినా ఈ మిగులు తారుకు మాత్రం లోటు రాదు. కూరగాయల దగ్గర కొసరు కోసం పావుగంట బేరమాడే మనం ఇతనికి ఐదు నిమిషాల్లో నగదు చేతిలో పెడతాం. పొట్టుపొరంత తారు, దానిమీద నూనె మెరుపు. మొదటి వానకు మెరుపు పోతుంది, రెండో వానకు ఫోన్ నంబరు పనిచేయదు.

తారు మాకొద్దు, మాది కాంక్రీటు అంటారా? అనవలసిన ఊరే. దేశంలో మొదటి మైలు కాంక్రీటు రహదారి 1909లో ఇక్కడే, డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పడింది. చలిలో కాంక్రీటు ఎలా బతకాలో కూడా ఎప్పుడో తేలిపోయింది. 1930ల్లో న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని రోడ్లు పెచ్చులూడకుండా నిలబడుతుంటే ఆరా తీశారు. మిల్లులో సిమెంటు సులువుగా నలగాలని వేసిన పశువుల కొవ్వు వల్ల కాంక్రీటులో కంటికానని బుడగలు పుట్టాయని, గడ్డకట్టే నీటికి ఒళ్లు విరుచుకునే చోటు ఆ బుడగలే ఇస్తున్నాయని బయటపడింది. ఇప్పుడు కావాలనే 6 శాతం దాకా గాలి కలుపుతున్నారు. గాలి అమ్మి నిజాయితీగా డబ్బు తీసుకోగల వ్యాపారం లోకంలో ఇదొక్కటే.

లారీలోంచి దిగేటప్పుడు సరుకు బాగానే ఉంటుంది. దిగాకే అసలు ముచ్చట. మధ్యాహ్నం ఎండకు పైపొర బిగుస్తుంటుంది, తాపీ జారదు. మేస్త్రీ బకెట్లో బ్రష్ ముంచి, పంతులుగారు మామిడాకుతో సంప్రోక్షణ చేసినంత భక్తిగా నీళ్లు చిలకరిస్తాడు. తాపీ వెన్నలా సాగుతుంది. అద్దంలాంటి నునుపు వస్తుంది. ఇంటాయన గ్యారేజీలోంచి వీడియో తీస్తూ “సూపర్ ఫినిషింగ్” అంటుంటాడు. ఆ చిలకరించిన నీళ్లు పైపొరను పలచన చేశాయి, ఆ రుద్దుడు గాలి బుడగల్ని పిండేసింది. రాబోయే మార్చిలో రాలబోయే పెచ్చుల ప్రారంభోత్సవాన్నే ఆయన వీడియో తీశాడు.

ఇక ఉప్పు. డెట్రాయిట్ కింద సుమారు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది, శతాబ్దం పైగా తవ్వుతున్నారు. దాదాపు 40 కోట్ల ఏళ్లుగా ఎవరి జోలికీ పోకుండా పడుకున్న ఉప్పును పైకి తెచ్చి, బస్తాలకెత్తి, హార్డ్‌వేర్ షాపులో కొని, కొత్త పలక మీద గుప్పిళ్లతో చల్లుతాం. పగలు మంచు కరుగుతుంది, ఆ ఉప్పునీళ్లు కాంక్రీటు తాగుతుంది, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. కొత్త కాంక్రీటుకు మొదటి శీతాకాలం ఉప్పు తగలనీయొద్దు, ఇసుక చల్లుకోండని మంచి మేస్త్రీలు నెత్తీనోరూ కొట్టుకుంటారు. వినేదెవరు? సున్నాకు తొమ్మిది సెల్సియస్ డిగ్రీలు దిగువకు పోతే మామూలు ఉప్పు దాదాపు చేతులెత్తేస్తుంది. మనం మాత్రం చేతులెత్తం, ఇంకో బస్తా విప్పుతాం. ఉప్పు తిన్నవాళ్లు విశ్వాసంగా ఉంటారని మన నమ్మకం. కాంక్రీటుకు ఆ పట్టింపు లేదు.

తారువాళ్లకు వేరే నైవేద్యం, సీల్‌కోటు. రెండు మూడేళ్లకోసారి నల్లరంగు పూత. ఈ పూతల్లో బొగ్గు తారుతో చేసేవి కొన్ని. క్యాన్సర్ కారకాలున్న పీఏహెచ్ రసాయనాలు వాటిలో యాస్ఫాల్ట్ పూతలకంటే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువని అమెరికా జియలాజికల్ సర్వే తేల్చింది. ఆస్టిన్ నగరం 2006లోనే వాటిని నిషేధించింది. ఆ దుమ్ము చెప్పులకంటుకుని ఇంట్లోకే వస్తుంది. అయితేనేం, నల్లగా నిగనిగలాడుతోంది కదా! కిందనుంచి పగులుతున్నదానికి పైనుంచి పూత. చర్చ ముగిసింది.

సంపన్నుల సంగతి చెప్పకపోతే పాపం చిన్నబుచ్చుకుంటారు. వాళ్ల డ్రైవ్‌వే కింద వేడి గొట్టాలు. ఇదే రాష్ట్రంలో హాలండ్ పట్టణం 1988 నుంచి నడివీధుల్ని ఇలాగే వెచ్చబరుస్తోంది గానీ, అది విద్యుత్ కేంద్రంలో వృథా అయ్యే వేడితో. మనవాడు మాత్రం బాయిలర్‌లో గ్యాసు కాల్చి ఆకాశాన్ని కాచుకుంటాడు. కరిగిన నీళ్లు వీధి మొదట్లో మళ్లీ గడ్డకడతాయి. అక్కడ పోస్టుమ్యాన్ జారిపడతాడు.

పైనుంచి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఉత్తరాలు. పగులు పూడ్చండి, రంగు మార్చొద్దు, వెడల్పు పెంచొద్దు. కాలనీ అంతటా కింద కంకర సరిగా లేకపోతే ఆ కమిటీకి పట్టదు. పగుళ్లన్నీ ఒకే రంగులో ఉంటే చాలు.

ఇంత డబ్బు పోశాం, వారంటీ ఉంది కదా అంటారు. ఉంది, తీసి చదవండి. చలికి ఉబ్బితే వర్తించదు. నేల కుంగితే వర్తించదు. ఉప్పు తగిలితే వర్తించదు. స్నోప్లౌ బ్లేడు గీకితే వర్తించదు. మిషిగన్‌లో చలికాలం రాదన్న షరతు మీద ఇచ్చిన హామీ ఇది. దాన్ని ఫ్రేము కట్టించినా తప్పులేదు, అదైనా పగలకుండా ఉంటుంది.

చలికాలం తారు ప్లాంట్లు మూతపడతాయి, కాంట్రాక్టర్‌కు పనుండదనుకుని జాలిపడకండి. డిసెంబరులో అతనే అదే పికప్‌కు ముందు బ్లేడు, వెనక ఉప్పు చల్లే యంత్రం బిగించుకుని సీజన్ కాంట్రాక్టుతో మళ్లీ తలుపు కొడతాడు. జూలైలో తను వేసిందాన్ని తనే గీకి, తనే ఉప్పు చల్లి, తనిచ్చిన వారంటీని తన చేత్తోనే రద్దు చేసుకుంటాడు. ఏప్రిల్లో ఎస్టిమేటుకు వచ్చేదీ అతనే. పాత కస్టమర్ కాబట్టి పది శాతం తగ్గింపు, బేస్ మాత్రం ఉన్నట్టే.