హ్యాపీ కోడ్ చెప్పన్నా

మా బోధన్‌కు తీపి కొత్త కాదు. 1937లో నిజాం సర్కారు పెట్టిన షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని మా పెద్దలు ఇప్పటికీ ఛాతీ పొంగించి చెబుతారు. దాని చుట్టూ లేచిన కాలనీ పేరే శక్కర్‌నగర్. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ నోటీసు పడింది, పొగ గొట్టం చల్లారింది. అంతమాత్రాన మాకు చక్కెర కరువైందనుకోకండి. గొట్టం మారిందంతే. ఇప్పుడది ఫోన్ గొట్టంలోంచి ఇరవై నాలుగ్గంటలూ కారుతోంది: "మీ కాల్ మాకు ఎంతో విలువైనది. దయచేసి లైన్లో ఉండండి."

ఆ మాట నేను మొత్తం మీద ఎన్ని గంటలు విన్నానో లెక్క పెట్టలేదు. పెట్టి ఉంటే ఆ విలువతో ఇంకో ఫ్రిజ్ వచ్చేది.

మార్చి నెలలో నిజామాబాద్‌లోని ఓ పెద్ద షోరూంకు పోయాం. ఏ షోరూం, ఏ కంపెనీ అని అడక్కండి, మీరు కొన్నదీ అదే బాపతు అయి ఉంటుంది. గడప దాటకముందే "రా అన్నా, కూసో అన్నా, వదినెకు లస్సీ తేరా" అని మర్యాద మొదలు. మా అమ్మను చూసి సేల్స్ కుర్రాడు వంగి కాళ్లకు దండం పెట్టబోయాడు. పెళ్లిచూపుల్లో మా బావకు కూడా అంత మర్యాద జరగలేదు. ఫ్రిజ్ తలుపు మీద రెండు స్టిక్కర్లు మెరుస్తున్నాయి. ఒకటి, కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ. రెండోది, స్టెబిలైజర్ అక్కర్లేదు. పన్నెండు నెలల ఈఎంఐ, నెలనెలా 5వ తారీఖున బ్యాంకులోంచి దానంతటదే కోతపడుతుంది. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు ట్రాలీ ఆటో జానకంపేట, ఎడపల్లి దాటుకుంటూ వచ్చి మా గల్లీలో, సరిగ్గా మా ఇంటి ముందర ఆగింది. ఒక్క ఫోనైనా చేసి దారి అడగలేదు.

ఏప్రిల్ ఆఖర్న, ఎండ నలభై నాలుగు దాటిన రోజు, ఆ ఫ్రిజ్ కన్ను మూసింది. లోపల లైటు వెలుగుతోంది, చల్లదనం మాత్రం లేదు. పాలు విరిగాయి. మా అమ్మ తలుపు తీసి, చెయ్యి పెట్టి చూసి, "మంచిగున్నదిరా, బట్టలు పెట్టుకుందాం" అంది. సాయంత్రానికి కుమ్మరోళ్ల దగ్గర ఒక రంజన్ కొనుక్కొచ్చింది. దానికి వారంటీ లేదు. నీళ్లు చల్లగున్నాయి.

ఇక కాల్ సెంటర్. హిందీకి ఒకటి నొక్కండి, ఇంగ్లిష్‌కు రెండు నొక్కండి అని మొదలై, దేశంలోని భాషలన్నీ తిరిగొచ్చాక తెలుగుకు ఎనిమిది. ఎనిమిది నొక్కితే హిందీ పాట. పాట తర్వాత ఒక అమ్మాయి, "మీరు ఎదుర్కొన్న అసౌకర్యానికి చింతిస్తున్నాము సార్" అంది. ఆ చింత ఎంత నున్నగా ఉందంటే, దాని మీద ఈగ వాలినా జారిపోతుంది. పిన్‌కోడ్ అడిగితే 503185 అని చెప్పాను. కాసేపు కీబోర్డు టకటక. "సార్, ఈ పిన్‌కోడ్‌కు మా సర్వీసు అందుబాటులో లేదు."

"అమ్మా, ఈ పిన్‌కోడ్‌కే మీ ఫ్రిజ్ తెచ్చి దించిపోయిన్రు గదా!"

"అది సేల్స్ విభాగం సార్."

ఈ ఒక్క ముక్కలో మొత్తం వ్యాపారశాస్త్రం ఉంది. అమ్మేవాడికి బోధన్ ఇండియాలోనే ఉంది. బాగుచేసేవాడికి మాత్రం ఎడపల్లి దాటగానే భూమి అయిపోతుంది.

బతిమాలి, గొంతు పెంచి, మళ్లీ బతిమాలితే పదిహేను అంకెల ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మూడో రోజు మెసేజ్ వచ్చింది: మా టెక్నీషియన్ మీ ఇంటికి వచ్చాడు, మీరు లేరు, ఫిర్యాదు ముగించాం. ఆ రోజు ఇంట్లో నేను, మా ఆవిడ, అమ్మ, పిల్లలిద్దరు, పైన పెయింటింగ్ వేసే ఇద్దరు ఉన్నాం. ఆ వచ్చినాయనను పెయింటర్లు కూడా చూడలేదు.

రెండో నంబరు తీసుకున్నాక నిజంగానే ఒక కుర్రాడు వచ్చాడు. నిజామాబాద్ నుంచి బండి మీద, ఎండకు మొహం నల్లబడి. నీళ్లిచ్చాం, రంజన్‌లోవే. తాగి, ఫ్రిజ్ తలుపు తీసి, "కూలింగ్ లేదు" అన్నాడు. ఆ సంగతి మా చిన్నోడు వారం కిందటే కనిపెట్టాడు.

"స్టెబిలైజర్ లేదా అన్నా?"

నేను స్టిక్కర్ చూపించాను.

"అది కంపెనీ అంటదన్నా. మనకాడ కరెంటు వేరే ఉంటది."

వెనక్కి తిప్పాడు, ఏదో గీకాడు, గ్యాస్ పోయింది, కార్డు కూడా పోయినట్టుంది అన్నాడు. మరి పదేళ్ల వారంటీ? అది కంప్రెసర్‌కట. కంప్రెసర్ భేషుగ్గా ఉందట. గ్యాసుకు లేదు, కార్డుకు ఏడాదే, ప్లాస్టిక్‌కు లేదు, తలుపు రబ్బరుకు లేదు, రాకపోకలకు లేదు. అంటే మనిషి చచ్చిపోయాడు గానీ గుండె మాత్రం గట్టిది, దానికి పదేళ్లు ఢోకా లేదు అన్నట్టు. కార్డుకు ఏడాది ఉంది గదా, వెయ్యమంటే, హైదరాబాద్ నుంచి రావాలి, పది రోజులు అన్నాడు. ఫ్రిజ్‌ను, స్టిక్కర్‌ను, నా బిల్లును ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాడు. ఆఖరికి, చెప్పులేసుకుంటూ, జర మొహమాటంగా అడిగాడు:

"అన్నా, నీ ఫోన్ల నాలుగంకెలు వచ్చినయా? హ్యాపీ కోడ్. అది జెప్పు."

"దేనికి హ్యాపీ?"

"దాని పేరే అంతన్నా. చెప్పకుంటే నేను వచ్చినట్టు లెక్క పడది. కాల్‌కు ఇంతని ఇస్తరు, పెట్రోలు నాదే."

ఆ మొహం చూసి కాదనలేకపోయాను. అతని కడుపు కొట్టి నేనేం బావుకుంటాను? చెప్పాను. అతను గల్లీ మలుపు తిరిగాడో లేదో మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవలపై మీ సంతోషానికి ధన్యవాదాలు, పదికి ఎన్ని మార్కులు వేస్తారు?

పది రోజులకు ఫోన్ చేస్తే, పాట అయ్యాక అమ్మాయి తేల్చి చెప్పింది. "సార్, మీరు సంతృప్తి చెందినట్టు మీ కోడ్ మా రికార్డులో ఉంది." దొరల కాలంలో తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాళ్లని విన్నాం. అప్పుడు కనీసం బొటనవేలికి సిరా అంటి, మోసపోయానని నాలుగు రోజులు గుర్తుండేది. ఇప్పుడు ఆ మరక కూడా మిగల్లేదు. నా సంతోషానికి నాలుగంకెల రుజువు కంపెనీ దగ్గర భద్రంగా ఉంది. ఇక నేను బాధపడితే అది చట్టవిరుద్ధం.

మా గల్లీ చివర రిపేర్ల భాయ్‌ను పిలిచాను. చూసి, "రెండు గంటల పని. కానీ ఆ సీలు తీస్తే వారంటీ ఖతం, సోచ్ లో" అన్నాడు. వారంటీ అన్న మాటకు అర్థం అప్పుడు ఎక్కింది నాకు: వాళ్లు బాగు చెయ్యరు, ఇంకొకరిని ముట్టనివ్వరు.

కోపమొచ్చి, బ్యాంకు ఖాతా ఖాళీ చేసి, ఒక నెల ఈఎంఐ ఎగ్గొట్టాను. రెండో రోజు పొద్దున్నే ఫైనాన్స్ వాళ్ల మనిషి మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అదే నిజామాబాద్ నుంచి, అదే రోడ్డు మీద, అదే పిన్‌కోడ్‌కు. నా పేరుతో పాటు మా మామగారి పేరు కూడా అతనికి తెలుసు. సర్వీసు పనికి కూడా ఈయననే పెట్టుకోరాదా?

ఈ సంగతంతా పక్కింటి కాకకు చెప్పాను. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసినాయన. బీడీ ఆర్పి అన్నాడు: "మా దిక్కు చెరుకు తూకంల తేడా వస్తే రైతు కాటా ముందట బండి అడ్డం వెట్టెటోడు. ఎనకాల యాభై బండ్లు ఆగుతుండె. ఆఫీసరు పరుగెత్తుకుంట వస్తుండె. నువ్వు యాడ అడ్డం వెడ్తవ్ బిడ్డా?"

నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. అప్పటి షావుకారి సత్యహరిశ్చంద్రుడేం కాదు, తూకం రాళ్లు అరగదీసినవాడే. కాకపోతే అతనికి ఒక గద్దె ఉండేది, నలుగురు చూస్తుండగా దాని ముందు నిలబడి అరవగలిగేవాళ్లం. ఈ కంపెనీకి గద్దె లేదు, కాటా లేదు, మొహం లేదు. పాట ఉంది.

అయితే బండి అడ్డం పెట్టే చోటు ఒకటి ఉంది, నిజామాబాద్‌లోనే: జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జులై 20 నుంచి అమల్లోకొచ్చిన 2019 చట్టం ప్రకారం, కంపెనీ ఎక్కడున్నా సరే, మనం ఉన్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వెయ్యాలి. బిల్లు ఇవ్వకపోవడం, గడువులోగా లోపమున్న సరుకు వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపారమని అదే చట్టంలో రాసి ఉంది. బిల్లులో గడువు రాయకుంటే 30 రోజులు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు కింద కూర్చుని లస్సీ తాగినవాళ్లందరూ ఇది చదువుకోవాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడొచ్చు, అక్కడ తెలుగులో మాట్లాడతారు. పరీక్షలు అక్కర్లేని కేసు 3 నెలల్లో, పరీక్షలకు పంపితే 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. చట్టం క్యాలెండరు, మన గోడ క్యాలెండరు ఒకటే అని నేను హామీ ఇవ్వను. నా దగ్గర వారంటీ లేదు.

కేసు కాగితాలు రాద్దామని కూర్చుని బీరువాలోంచి బిల్లు తీశాను. తెల్లగా ఉంది. రెండు వైపులా తిప్పి చూశాను, తెల్లగానే ఉంది. ఆ నున్నటి కాగితం మీద మెషిన్ కొట్టిన అక్షరాలు మా నిజామాబాద్ ఎండకు ఆవిరైపోయాయి. షోరూంకు పోయి నకలు అడిగితే, అసలు బిల్లు తెస్తే ఇస్తామన్నారు. ఈసారి లస్సీ లేదు. ఆఖరికి అక్కరకొచ్చింది ఈఎంఐ కోతలు పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటే. నేను కొన్నానని చెప్పడానికి ఆ కోతలే సాక్ష్యం. కేసు దాఖలైంది, ఫ్రిజ్‌లో ప్రస్తుతం పిల్లల స్కూలు పుస్తకాలున్నాయి.

మీరు ఏం కొన్నా సరే, షోరూం మెట్లు దిగి ఇంటి బస్సు ఎక్కకముందే బిల్లు జిరాక్స్ తీయించుకోండి. హ్యాపీ కోడ్ మాత్రం నీళ్లు చల్లబడ్డాకే చెప్పండి.