రెండడుగుల స్వాతంత్ర్యం

ఈ మధ్య సంగీత్ వేదికల మీద, గణేశ్ నవరాత్రుల మ్యూజికల్ నైట్లలో, చర్చి కూటాల్లో బేస్ గిటార్ వాయించేవాళ్లకు కొత్త వైరాగ్యం ఒకటి పట్టుకుంది. అది కేబుల్ మీద వైరాగ్యం. గిటార్ మీద నాలుగు తీగలున్నా సరే, ఐదున్నా సరే, దాని నుంచి కిందికి వేలాడేది మాత్రం ఏమీ ఉండకూడదు. కేబుల్‌తో వచ్చినవాడు ఇంకా నేర్చుకుంటున్నవాడు, జాక్‌లో బొటనవేలంత వైర్‌లెస్ డాంగిల్ మిణుకుమంటున్నవాడు ప్రొఫెషనల్. "వైర్‌లెస్ లేకుండా ఈ రోజుల్లో స్టేజీ ఎలా ఎక్కుతావన్నా?" అన్న ప్రశ్నకు మెట్ల మీదుగా అని జవాబు చెప్పినవాడు వెనకబడిన మనిషి. నా వాదన ఒక్కటే. వేదిక మీద వాయించే బేసిస్టు కొనవలసిన వస్తువుల జాబితాలో వైర్‌లెస్ అట్టడుగున ఉండాలి. మనవాళ్లు దాన్ని పైన పెట్టుకుని, పైన ఉండవలసినవాటిని సౌండ్ వాళ్ల దయకు వదిలేస్తున్నారు.

అసలు బేసిస్టు వేదిక మీద ఎక్కడ నిలబడతాడు? డ్రమ్మర్ హై-హ్యాట్ పక్కన. కిక్ డ్రమ్ పెడల్ మీద పడే కాలూ, తీగ మీద పడే తన వేలూ ఒకే క్షణంలో దిగాలి. అదే అతని ఉద్యోగం. దానికి ఆ కాలు కనబడాలి, కనీసం భుజం కదలిక కనబడాలి. ఇక మన పెళ్లి వేదికంటే రెండు కీబోర్డులు, ఆక్టోప్యాడ్, తబలా, నలుగురు గాయకులు, యాంకరమ్మ, డెకరేషన్ వాళ్ల స్తంభాలు, పొగ మిషను. ఇవన్నీ సర్దుకోగా బేసిస్టుకు మిగిలేది రెండడుగుల నేల. సినిమా పాటల ఆర్కెస్ట్రాల్లో చాలామంది కుర్చీలో కూర్చుని, ఎదురుగా నోట్స్ స్టాండ్ పెట్టుకుని వాయిస్తారు. కుర్చీలో కూర్చున్న మనిషికి ముప్ఫై మీటర్ల దూరం పనిచేసే ట్రాన్స్‌మిటర్ అంటగట్టిన సేల్స్‌మన్ ఎవరో గానీ, ఆయనకు దండం పెట్టాలి.

సరే, కేబుళ్ల పీడ విరగడైంది కదా అంటారు. లెక్కపెట్టండి. పాత పద్ధతిలో గిటార్ నుంచి పెడల్‌కో, శబ్దాన్ని మిక్సర్‌కు పంపే డీఐ బాక్సుకో వెళ్లే ఆరు మీటర్ల కేబుల్ ఒకటి. కొత్త పద్ధతిలో రిసీవర్ నుంచి పెడల్‌కు ఒక ప్యాచ్ కేబుల్, రిసీవర్‌కు కరెంటిచ్చే అడాప్టర్ తీగ, ఆ అడాప్టర్‌ను గుచ్చడానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు, డాంగిల్‌ను చార్జ్ చేసే తీగ. చివరగా, ఇవన్నీ మొరాయిస్తే వాడుకోవడానికి సంచిలో పెట్టుకునే అసలు గిటార్ కేబుల్. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమంటే ఇదే. పైగా లోపల ప్రీఆంప్ ఉన్న యాక్టివ్ బేస్ అయితే ఇంకో తద్దినం ఉంది. లోపలి తొమ్మిది వోల్టుల బ్యాటరీకి విడిగా స్విచ్ ఉండదు. జాక్‌లో ప్లగ్ దూరగానే ప్రీఆంప్ వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. వాయించడం అయిపోగానే కేబుల్‌ను ఎవరైనా పీకేస్తారు. డాంగిల్ మాత్రం అంత చిన్నదిగా, ముద్దుగా ఉంటుంది కాబట్టి దాన్ని గిటార్‌కే వదిలేసి కేసు మూసేస్తారు. ఇలా రోజులు గడిచేకొద్దీ గిటార్ బ్యాటరీ నీరసిస్తుంది. ఒకనాడు ముహూర్తం వేళకు కనెక్షన్ బాగానే ఉంటుంది, శబ్దమే ఉండదు.

నాదం సంగతికి వస్తే ఇక్కడ రెండు మతాలున్నాయి, రెండూ ముచ్చటైనవే. వైర్‌లెస్ పెడితే బేస్ బలం పోతుందని ఒక మతం, కేబుల్ పెడితే టోన్ చచ్చిపోతుందని ఇంకొకటి. భౌతికశాస్త్రం ఈ రెంటినీ పట్టించుకోదు. గిటార్ కేబుల్‌కు మీటరుకు సుమారు వంద పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. ప్యాసివ్ పికప్‌తో కలిసి అది కత్తిరించేది పై ఫ్రీక్వెన్సీలను, అంటే వేలు తీగకు తగిలే ఆ చిటుకును, కిందివాటిని కాదు. గిటార్‌లో ప్రీఆంప్ ఉంటే ఆ కత్తిరింపు కూడా దాదాపు లేనట్టే. బేస్ బలం తగ్గే సమస్య నిజంగా ఉన్నది పాత అనలాగ్ వైర్‌లెస్‌లలో. వాటిలో కంపాండర్ అనే ఏర్పాటు నాదం హెచ్చుతగ్గులను పంపేచోట నొక్కి, అందుకునేచోట మళ్లీ విప్పేది. మందమైన స్వరాల దగ్గర ఆ నొక్కుడూ విప్పుడూ రొప్పినట్టు వినిపించేవి. డిజిటల్ వచ్చాక ఆ అవసరమే పోయింది. మరి వ్యాపారం ఊరుకుంటుందా? బాస్ కంపెనీ డబ్ల్యూఎల్-20 అనే వైర్‌లెస్‌లో కేబుల్ వల్ల పోయే ఆ పై స్వరాలను కావాలనే పోగొట్టి, కేబుల్ పెట్టినట్టే వినిపించే ఏర్పాటు చేసింది. అది అక్కర్లేనివారికి డబ్ల్యూఎల్-20ఎల్ అని ఇంకొకటి అమ్మింది. మరోవైపు, 1970లలో కెన్ షాఫర్ చేసిన షాఫర్-వేగా వైర్‌లెస్‌ను ఏసీ/డీసీ బృందం గిటారిస్టు ఆంగస్ యంగ్ వాడాడు కాబట్టి, ఆ పెట్టెలోని కంపాండర్ వల్ల వచ్చే రంగును ఇప్పుడు పెడల్‌గా చేసి అమ్ముతున్నారు. కేబుల్ లోపాన్ని వైర్‌లెస్‌లో పెట్టి, వైర్‌లెస్ లోపాన్ని పెడల్‌లో పెట్టి అమ్మితే రెండింటినీ కొన్నవాళ్లు ఉన్నారు.

లేటెన్సీ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వైర్‌లెస్ వద్దనే నా పక్షం వాళ్లే దాని మీద ఎక్కువ అబద్ధాలాడతారు. మంచి డిజిటల్ వైర్‌లెస్‌లో ఆలస్యం రెండు నుంచి ఐదు మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం మూడు మిల్లీసెకన్లలో దాదాపు ఒక మీటరు నడుస్తుంది. ఆంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడితే తొమ్మిది మిల్లీసెకన్లు ఎలాగూ ఆలస్యమవుతున్నాయి, దాని గురించి ఎవరూ గగ్గోలు పెట్టరు. తాళం తప్పితే తప్పు వేలిది.

అసలు గొడవ ఆలస్యంలో లేదు, ఆకాశంలో ఉంది. మన బేసిస్టులు కొనే డాంగిళ్లలో ఎక్కువ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. మన దేశంలో 2005లోనే లైసెన్సు అక్కర్లేదని అందరికీ తెరిచేసిన బ్యాండ్ అది. వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. ఒకదాన్నొకటి రాసుకోకుండా మూడు వైఫై చానెళ్లు పడితే నిండిపోయే ఇరుకు సందు. ఇప్పుడు రాత్రి తొమ్మిది గంటల వేళ కన్వెన్షన్ హాల్‌లోకి రండి. లైవ్ పెట్టే వీడియో వాళ్ల రౌటర్ ఒకటి, హాలువాళ్ల వైఫై ఒకటి, వధూవరుల మీద తిరిగే డ్రోన్ రిమోట్ ఒకటి, అతిథుల చేతి గడియారాలకూ చెవులకూ బ్లూటూత్‌లు వందలు. వంటశాలలో మైక్రోవేవ్ ఉంటే అదీ ఆ సందులోనే. వీటన్నిటికంటే దగ్గరి శత్రువు పక్కనే ఉంటాడు. సౌండ్ ఇంజినీర్ ట్యాబ్ చేతిలో పట్టుకుని హాలంతా తిరుగుతూ మిక్సర్ నడుపుతున్నాడే, ఆ ట్యాబ్‌కూ మిక్సర్‌కూ మధ్య వైఫై కూడా చాలాచోట్ల 2.4 మీదే. అంటే బేస్‌ను పెంచడానికి ఆయన ఫేడర్ జరిపిన ప్రతిసారీ ఆ సందేశం బేస్‌తోనే పోట్లాడుకుంటూ వెళ్తుంది.

"సౌండ్ చెక్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది" అనే మాట ఈ కథలన్నిటికీ మంగళాచరణం. పనిచేయదూ మరి? సాయంత్రం నాలుగింటికి హాల్లో కుర్చీలకు గుడ్డలు తొడిగే కుర్రాళ్లు తప్ప ఎవరున్నారు? మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, ఆ నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను హాయిగా తాగేస్తుంది. జనం నిండాక గాలిలో పోటీ పెరుగుతుంది, అడ్డుగోడలూ పెరుగుతాయి. ఆ గోడల్లో మొదటిది బేసిస్టు సొంత ఒళ్లే, రిసీవర్‌కు వీపు తిప్పి నిలబడితే చాలు. అనలాగ్ సెట్ అయితే కాస్త బుసకొట్టి హెచ్చరించేది. డిజిటల్‌కు ఆ మర్యాద లేదు, ఉన్నంతసేపు పూర్తిగా ఉండి, పోతే పూర్తిగా పోతుంది. లీడ్ గిటార్ అర సెకను పోతే ఎవరికీ తెలియదు. బేస్ పోతే ఏం పోయిందో తెలియకపోయినా పాట ఒక్కసారి గాలిలోకి లేచిపోయినట్టు అందరికీ తెలుస్తుంది. కొత్త సెట్లు తమంతట తామే చానెల్ మారతాయి కదా అంటే, మారతాయి, ఆ ఇరుకు సందులోనే ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి. 5.8 గిగాహెర్ట్జ్ కొనమంటే, రద్దీ కాస్త తక్కువే. కానీ ఒళ్లు అడ్డొస్తే ఆ తరంగం ఇంకా సుకుమారంగా ప్రవర్తిస్తుంది. పైగా డ్రోన్‌వాళ్లు అక్కడికీ వచ్చేశారు.

పెద్దవాళ్లు వాడే యూహెచ్‌ఎఫ్ సెట్ కొంటాం అంటారు కొందరు, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతోందని. ఎందుకు చవకైందో అడగరు. అమెరికాలో 700 మెగాహెర్ట్జ్ ప్రాంతం నుంచి వైర్‌లెస్ మైకులను 2010 జూన్‌లో ఖాళీ చేయించారు. 600 ప్రాంతంలో చాలా భాగాన్ని టెలిఫోన్ కంపెనీలకు వేలం వేసి, 2020 జులైకల్లా అక్కణ్నుంచీ లేపేశారు. మన దగ్గర 700 బ్యాండ్‌ను 2022 వేలంలో జియో దేశమంతటా కొనుక్కుంది. అక్కడ చెల్లక ఇక్కడికి చేరిన సెట్‌ను పెట్టుకుని జియో టవర్ పక్కనున్న హాల్లో వాయించడమంటే, అద్దె కట్టని ఇంట్లో యజమాని ఉండగానే కాపురం పెట్టడం.

దీనికి ఎదురుగా చెప్పే మాటల్లో బలమైనవీ ఉన్నాయి. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ బేసిస్టు ఫ్లీలా వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు గెంతేవాడికి కేబుల్ కాళ్లకు చుట్టుకుంటుంది, నిజమే. అలా గెంతేవాళ్లు కొనుక్కోవచ్చు. వాళ్ల వెంట ఫ్రీక్వెన్సీలు చూసుకునే మనిషి ఒకడు విడిగా ఉంటాడు. అసలైన వాదన వేరొకటి ఉంది, అది ప్రాణానికి సంబంధించింది. కేబుల్ పెట్టిన గిటార్ తీగలు బ్రిడ్జి మీదుగా, కేబుల్ కవచం మీదుగా ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. మైక్ ఇంకో చోటి కరెంటు మీద ఉండి, రెంటిలో ఒకదానికి ఎర్తింగ్ సరిగా లేకపోతే, వేళ్లు తీగ మీద ఉండగా పెదవి మైక్‌కు తగిలితే చాలు, షాక్ కొడుతుంది. 1972లో స్వాన్సీ వేదిక మీద స్టోన్ ది క్రోస్ గిటారిస్టు లెస్ హార్వీ ఎర్త్ లేని మైక్ ముట్టుకుని చనిపోయాడు. 1976 డిసెంబర్‌లో ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌లో కిస్ బృందం గిటారిస్టు ఏస్ ఫ్రేలీ షాక్ కొట్టి పడిపోయాక, ఆ బృందం వైర్‌లెస్‌కు మారింది. జనరేటర్ మీద, తడి నేల మీద, తాత్కాలిక పందిట్లో వాయించేవాడు ఈ కారణంతో వైర్‌లెస్ కొంటే నేను నోరెత్తను. కానీ డాంగిల్ కొన్నవాళ్లు ఈ కారణం చెప్పరు, లుక్ బాగుంటుందంటారు. పైగా అది కాపాడేది ఒక్క బేసిస్టునే. పక్కన కేబుల్ మైక్ పట్టుకున్న పాటగత్తె, ఇనుప స్టాండ్ మీద కీబోర్డు వాయించే ఆయన సంగతేమిటి? 30 మిల్లీఆంపుల దగ్గర తెగే ఆర్‌సీసీబీ, నేలలోకి నిజంగా దిగిన ఎర్త్ రాడ్ ఉన్నాయా అని జనరేటర్ వాడిని అడగడం వేదిక మొత్తానికి పనికొస్తుంది. అందులో లుక్ లేదు మరి.

ఆ డబ్బుతో ఏం కొనాలి? మొదట సొంత డీఐ బాక్సు. ప్యాసివ్ బేస్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లోకి గుచ్చితే, పది కిలో ఓమ్‌ల ఆ ద్వారం పికప్ గొంతు నొక్కేస్తుంది. డీఐ దానికి మెగా ఓమ్ స్థాయి ద్వారం చూపించి, అవతల బ్యాలెన్స్‌డ్ లైన్‌గా మార్చి, నలభై మీటర్ల దూరాన ఉన్న మిక్సర్‌కు గుయ్‌మనకుండా చేరుస్తుంది. మోటౌన్ పాటల్లో జేమ్స్ జేమర్సన్ బేస్ డీఐ గుండానే బోర్డులోకి వెళ్లింది. ఆయన తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదట, మీటింది ఒక్క వేలితో. తర్వాత ఆలోచించవలసింది హాలు. నాలుగు తీగల బేస్‌లో అడుగు స్వరం 41 హెర్ట్జ్, గాలిలో దాని అల పొడవు ఎనిమిది మీటర్ల పైన. పాలరాయి నేల, గాజు గోడల మధ్య ఆ అల ఒక మూల పోగుపడి, ఇంకో మూల మాయమవుతుంది. సబ్ వూఫర్ లేకుండా స్టాండ్ల మీద రెండు బాక్సులు పెట్టిన చోట ఆ 41 అసలు బయటికే రాదు. అయినా జనం బేస్ వింటారు, ఎందుకంటే 82, 123 దగ్గరి పై పొరలను బట్టి చెవి అడుగు స్వరాన్ని తానే ఊహించుకుంటుంది. అందుకే ఇంజినీర్‌ను అడగవలసింది "బేస్ పెంచన్నా" అని కాదు. అట్టడుగు కాస్త కోసి, ఆ పై పొరలు తేటగా వినబడేలా చేయమని. ఇది అడగడానికి ఖర్చు లేదు, ఒక టీ తప్ప.

చివరికి మిగిలేది ఒక్క అభ్యంతరం, అది న్యాయమైనదే. పైవన్నీ తెలియాలంటే బేసిస్టు వాయిస్తూ హాలు మధ్యకు నడిచి, తన స్వరం జనానికి ఎలా చేరుతోందో వినాలి, కేబుల్‌తో అంత దూరం నడవలేడు. ఒప్పుకుంటాను. వైర్‌లెస్‌కు బేసిస్టు చేతిలో ఇంతకంటే మంచి ఉపయోగం లేదు. దానికి పది నిమిషాలు చాలు, అదీ సౌండ్ చెక్‌లో. లీడ్ గిటారిస్టు దగ్గర ఎలాగూ ఒకటి ఉంటుంది, అడిగి తీసుకోండి. ఖాళీ హాలు కాబట్టి ఆ వేళ అది చక్కగా పనిచేస్తుంది కూడా.